ఎర్ర మైనం

ఊలింగ్ మెడకు తాడు పడిన చోట కథ ఆగింది. కొత్తగా చదివేవాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను. సియోనీ ఆ వీధికి పెద్ద. మొగుడు పోయినా పెత్తనం పోని మనిషి. ఆమె కుక్క తిసోయ్, తెల్లగా ముద్దుగా ఉండేది, గోక్కుని గోక్కుని పుండ్లు పడింది. వాగు గట్టున గుడిసెలో బొగ్గులు అమ్ముకునే పసింగ్‌కు ఊలింగ్ అనే ముసలి నల్లకుక్క ఉంది. గజ్జి దాని నుంచే అంటుకుందని సియోనీ బరంగాయ్ సభలో, అంటే ఊరి పంచాయతీలో, లేచి నిలబడి చెప్పింది. రుజువేదని ఒక్కరూ అడగలేదు. వాగు గట్టు నుంచి వచ్చేది రోగమేనని అందరికీ ముందే నమ్మకం. బరంగాయ్ కాపలావాళ్లు ఆ ముసలిదాన్ని తాడేసి ఈడ్చుకుపోయి పట్నంలో కుక్కల బందెలదొడ్డిలో పడేశారు. పసింగ్ ఆ బండి వెనక పరిగెత్తుతుంటే సియోనీ తన వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అన్న మాట ఇది: "సిగ్గులేనిది. కుక్కను కడగడం చేతకాదు గానీ ఏడవడం మాత్రం వచ్చు."

ఇవాళ సాయంత్రంతో గడువు తీరిపోతుంది. ఫిర్యాదు చేసిన మనిషి దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప ఊలింగ్‌కు సూది వేసి చంపేస్తారు.

ఊలింగ్ వీధిలోంచి పోయింది. తిసోయ్ గోకుడు మాత్రం పోలేదు. ఇంకా ఎక్కువైంది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా సియోనీ తలుపులు దగ్గరగా వేసి, పట్నం నుంచి డాక్టర్ హెరాల్డిన్‌ను పిలిపించింది. ముందురోజు ఆ అమ్మాయి వచ్చి తిసోయ్ చర్మం గీకి, గాజుపలక మీద పెట్టుకుని తీసుకెళ్లింది. ఈ పొద్దున మళ్లీ వచ్చింది.

"చెప్పులు అక్కడే విడవండి డాక్, గచ్చు ఇప్పుడే రుద్దాను" అంది సియోనీ.

డాక్టర్ చెప్పులు విడిచి లోపలికొచ్చి తిసోయ్ పక్కన చతికిలబడింది.

"రెండుసార్లు చూశాను మనాంగ్. పురుగు లేదు."

మనాంగ్ అంటే అక్క. వీధిలో చిన్నాపెద్దా అందరికీ సియోనీ మనాంగే.

"పురుగు లేకుండా గజ్జి ఎలా వస్తుంది?"

"గజ్జి కాదు కాబట్టి లేదు."

"మరి ఇదేమిటి? దీని వాలకం చూడండి. అది పడుకోదు, నన్ను పడుకోనివ్వదు."

"ఒంటికి ఏం రాశారు?"

"అందరూ రాసేదే. గంధకం, బండిలోంచి తీసిన పాత ఇంజనాయిలు. మా నాన్న కాలం నుంచీ కుక్కలకు అదే మందు."

"అది నాకుతుంది కదా మనాంగ్. కడుపులోకి పోతుంది కదా."

"మూతి పట్టుకుని రాశాను."

డాక్టర్ సంచీ తెరిచింది. సన్నపళ్ల దువ్వెన తీసి తోక మొదట్లో దువ్వింది. కాగితం మీద దులిపింది. గోమార్లు, పేలు ఏమీ రాలలేదు. ఏం తింటుందని అడిగింది. అన్నం, చేపతల, పుట్టినప్పటి నుంచీ అదే అంది సియోనీ. ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారా అని అడిగింది. మాది కొత్తవి పెట్టే కొంప కాదు అంది సియోనీ. ఒక్కో ప్రశ్నకూ ఆమె గొంతు గట్టిపడుతోంది, తనను ఎవరో తనిఖీ చేస్తున్నట్టు. వీధిలో అందరి ఇళ్లూ తనిఖీ చేసే మనిషికి అది కొత్త.

"దీన్ని వెల్లకిలా తిప్పి పట్టుకోండి."

తిప్పి పట్టుకుంది. తిసోయ్ కాళ్లు గాల్లో ఆడించింది.

"చెవుల అంచులు చూడండి. ఎంత శుభ్రంగా ఉన్నాయో. మోచేతులు కూడా. గజ్జి ముందు పట్టేది అక్కడే. వీపు మీద ఆ ఆయిలు తప్ప ఇంకేం లేదు. ఇప్పుడు ఇటు చూడండి. పొట్ట. చంకలు. గడ్డం కింద. వేళ్ల సందులు."

సియోనీ చూసింది. ఇన్నాళ్లూ ఆయిలు పూస్తూనే ఉంది గానీ ఇలా చూడలేదు. కుక్క బోర్లా పడుకుంటే నేలకు ఏది ఆనుతుందో అక్కడల్లా ఎర్రగా కందిపోయి ఉంది. ఆనని చోట ఏమీ లేదు. ఎవరో గీత గీసినట్టు ఉంది.

"ఎక్కడ పడుకుంటుంది?"

"ఇక్కడే, ఇంట్లో."

"ఎప్పుడూ ఇక్కడేనా?"

"ఇదివరకు పగలంతా వాకిట్లో మట్టిలో దొర్లేది. రాత్రికి లోపలికొచ్చేది. గోకుడు మొదలయ్యాక బయటికి వదలడం మానేశాను. ఆ నల్లదాన్ని తాకుతుందని."

"లోపల కట్టేశాక ఎక్కువైందా, తగ్గిందా?"

సియోనీ తిసోయ్ కాళ్లు వదిలేసింది.

డాక్టర్ గచ్చు మీద వేలు పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏం పూస్తారు దీనికి?"

ఈ ప్రశ్న ఎవరు అడిగినా సియోనీకి నడుం నిటారవుతుంది. అలవాటు కొద్దీ ఇప్పుడూ అయింది.

"కొట్లో డబ్బా కాదు డాక్. నేనే చేస్తాను. సమాధుల పండుగ అయ్యాక వెళ్లి, సమాధుల మీద కారిన కొవ్వొత్తుల మైనం గోకి తెస్తాను. కరిగించి, కిరసనాయిలు పోసి, ఎర్రరంగు పొడి కలిపితే అయిపోయింది. పూసి, కొబ్బరి డొక్క కాలికింద పెట్టుకుని రుద్దితే మొహం చూసుకోవచ్చు. మా అమ్మ నేర్పిన పని. ఈసారి మైనం మరీ గట్టిగా ఉందని కిరసనాయిలు కాస్త ఎక్కువే..."

మాట మధ్యలో ఆగింది. ఎవరూ ఆపలేదు. తన మాట తనకే వినపడి ఆగింది.

"రోజూ రుద్దుతున్నారా?"

"ఇల్లిల్లూ తిరుగుతున్న మరియతల్లి స్వరూపం రేపు మా ఇంటికొస్తోంది. రోజూ రుద్దుతున్నాను."

డాక్టర్ తడి దూది తీసి తిసోయ్ అరికాలు తుడిచింది. దూది ఎర్రబడింది. రక్తం కాదు. గచ్చు రంగే.

వీధిలో అందరికంటే మెరిసే గచ్చు. బురదకాళ్లతో వచ్చినవాళ్లను గడప అవతలే నిలబెట్టిన గచ్చు. పసింగ్ బొగ్గుల బస్తా తెచ్చిన ప్రతిసారీ "అక్కడే దించు" అని సియోనీ కేకేసింది ఈ గచ్చు కోసమే. నేల మెరిస్తే మనిషి గొప్పదైపోతుందని ఎవరు నేర్పారో గానీ, ఆ చదువు మాత్రం ఆమెకు బాగా వంటబట్టింది. కుక్క రోజల్లా పొట్ట ఆనించి పడుకున్నది ఆ గొప్పతనం మీదే. దాని పొట్ట కాలిపోతుంటే ఆమె తలుపులేసి మరీ కాపాడింది.

"అయినా ఆ నల్లదానికి వెంట్రుకలు ఊడాయి కదా" అంది సియోనీ. "నా కళ్లతో చూశాను."

"మొన్న పిచ్చికుక్క టీకాలు వేసినప్పుడు ఊలింగ్‌ను పట్టుకున్నది నేనే. మోచేతుల దగ్గర కాయలు కాశాయి, అంతే. రాళ్లమీద పడుకునే ముసలికుక్కలన్నిటికీ కాస్తాయి. దాని చర్మం మీ తిసోయ్ కన్నా నయం."

"మరి ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా."

"నన్నెవరు అడిగారు మనాంగ్?"

డాక్టర్ సంచీ సర్దుకుంది. కుక్కను పిల్లల సబ్బుతో కడగమంది. శుభ్రమైన గోనెపట్టా వేసి బయట పడుకోబెట్టమంది. గచ్చు మీద మైనం మొత్తం గీకి పారేయమంది. "ఓ వారానికి తేడా తెలుస్తుంది."

గడప దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ వెనక్కి చూడకుండానే అంది: "ఊలింగ్‌కు వారం లేదు."

*

సియోనీ తిసోయ్‌ను కడిగింది. గోనెపట్టా వేసింది. తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలుసు. తెలిసి కూడా అన్నం వండుకుంది. తినకుండా మూత పెట్టింది. జుట్టు దువ్వుకుంది. మళ్లీ దువ్వుకుంది. వాగు గట్టు ఇంటి నుంచి నాలుగు అంగల దూరం. ఆమె అటు వెళ్లలేదు. బరంగాయ్ ఆఫీసు వైపు వెళ్లింది.

ఎందుకో చెబుతాను. పసింగ్ ముందు తల వంచడం కంటే పెద్దమనిషి ముందు తల వంచడం సుళువు. పెద్దమనిషి ముందు వంచితే అది మర్యాద. పసింగ్ ముందు వంచితే అది వంచడమే.

బరంగాయ్ పెద్ద కాప్తాన్ నొనోయ్, ఊరంతా కాప్ అని పిలిచే మనిషి, బల్ల మీద కాళ్లు చాపి మొక్కజొన్న కండె తింటున్నాడు. బయట వరండాలో చవక బియ్యం కోసం ఆడవాళ్లు సంచులు పట్టుకుని వరుసలో ఉన్నారు. సియోనీ తలుపు ఓరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది. ఆయన కండె పక్కన పెట్టాడు.

"గచ్చా?"

"గచ్చే."

ఆయన నవ్వాడు. పొట్ట ఊగేదాకా నవ్వాడు. నవ్వు అయ్యాక తలుపు వైపు చూసి ఇటు వంగాడు.

"మనాంగ్, ఈ మాట ఇక్కడే పూడ్చేయండి. రేపు స్వరూపం మీ ఇంటికొస్తుంది. ఆడవాళ్లంతా మీ గచ్చు మీదే మోకరిస్తారు. వాళ్లు ప్రార్థన చేస్తారా, దాన్ని చూసి కిసుక్కుమంటారా? నేను దొడ్డికి ఫోన్ చేస్తాను. మావాళ్లు తప్పు కుక్కను పట్టారని చెబుతాను. కుక్క ఇంటికొచ్చేస్తుంది. మీ పేరు పైకి రాదు."

"కాపలావాళ్ల మీద పడుతుందేమో."

"వాళ్లకేం సిగ్గు, నేను నాలుగు తిడతాను, నవ్వుకుంటూ పోతారు."

సియోనీ గుండెల మీద నుంచి బరువు దిగింది. చల్లగా అనిపించింది కూడా. "మీ ఇష్టం కాప్" అంది.

సభలో చేసిన తప్పు తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. ఇకనుంచి ఆమెను మీరు జాలిగా చూసినా పర్వాలేదు గానీ, ఈ రెండో తప్పును మాత్రం మరిచిపోకండి.

కాప్ ఫోన్ చేశాడు. అటువైపు మోగుతూనే ఉంది. మళ్లీ చేశాడు. ఆ లోపు తలుపు తోసుకుని పసింగ్ వచ్చింది.

చేతులు కడుక్కుని వచ్చినట్టుంది. అయినా గోళ్లలో బొగ్గు నలుపు పోలేదు. రెండు చేతుల్లోనూ బేసిన్, పైన అరిటాకు. ఆకు కింద నుంచి ఆవిరి, కాచిన కకావాతి ఆకుల పచ్చివాసన. కుక్కలకు దురద వస్తే అక్కడ ఎవరైనా ఆ ఆకే కాస్తారు.

"ఇంటికెళ్లాను మనాంగ్, మీరు లేరు. ఇటొచ్చారన్నారు." ఆమె నిలబడే మాట్లాడింది. "ఇది తిసోయ్‌కి. గోరువెచ్చగా ఉన్నప్పుడే పోయండి. నా కుక్క వల్ల వచ్చింది కాబట్టి నేనే కాచాను. తగ్గేదాకా రోజూ తెస్తాను."

సియోనీ ఆకు కింద నుంచి లేస్తున్న ఆవిరినే చూసింది.

"మీరన్నది నిజమే మనాంగ్. నేను దాన్ని సరిగా కడగలేదు. పొద్దున్నే బస్తాలతో పోతాను, చీకటి పడ్డాక వస్తాను. తప్పు నాదే. ఏదైనా ఉంటే నన్ను తిట్టండి. దానికి వినపడదు కూడా, ముసలిది. మీరు ఒక్క మాట చెబితే వదిలేస్తారంట."

కాప్ దగ్గాడు. "పసింగ్, నీ కుక్క సంగతి చూస్తున్నాం. నువ్వు వెళ్లు. వచ్చేస్తుంది." సియోనీకి కళ్లతోనే చెబుతున్నాడు, ఊరుకో అని.

బేసిన్ ఇంకా పసింగ్ చేతుల్లోనే ఉంది. ఎవరూ అందుకోలేదు కాబట్టి ఆమె దించలేదు. తన కుక్కను చంపబోతున్న మనిషికి మందు కాచి తెచ్చింది. ఆ మందు కూడా లేని రోగానికి. సియోనీకి ఒళ్లంతా వేడెక్కింది, చెవుల దాకా. గచ్చు మీద పడుకున్నది తనే అయినట్టు.

"తిసోయ్‌కు గజ్జి లేదు" అంది.

"ఏంటంట?" అని వరుసలోంచి ఎవరో అడిగారు.

"వినపడలేదు మనాంగ్. సభలో చెప్పినంత గట్టిగా చెప్పు" అని ఇంకొకామె అంది. వాళ్లంతా తలుపు దగ్గరికి జరిగారు, బియ్యం వరుస చెదిరినా పట్టించుకోకుండా.

సభలో చెప్పినంత గట్టిగా చెప్పడానికి సియోనీ కుర్చీలోంచి లేవాల్సి వచ్చింది.

"తిసోయ్‌కు గజ్జి లేదు. నా గచ్చుకు పూసిన మైనం దానికి పడలేదు. కిరసనాయిలు ఎక్కువ పోసింది నేనే. దాన్ని లోపలే కట్టేసింది నేనే. ఊలింగ్ ఏమీ చేయలేదు."



"అయితే గజ్జి గచ్చుకన్నమాట" అని ఒకామె అంది. నలుగురు నవ్వారు.

"ఆ మైనంలో సగం మా నాన్న సమాధి మీదిదే. ఆయనకు కుక్కలంటే పడేది కాదు, పోయాక కూడా వదల్లేదు" అని ఇంకొకామె అందుకుంది. ఈసారి గట్టిగా నవ్వారు. సియోనీ వాళ్ల ఒక్కొక్కరి ఇంటి ముందూ నిలబడి చెత్త ఊడవమని కేకేసిన మనిషి. నవ్వు ఆమెకు చెందాల్సినదే. నిలబడి పుచ్చుకుంది.

పసింగ్ నవ్వలేదు. బేసిన్ నేల మీద పెట్టింది. నీళ్లు ఒలకకుండా, మెల్లగా.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"పొద్దున. డాక్టర్ చెప్పింది."

"ఇప్పుడు పొద్దెక్కడుంది?"

సియోనీ తల దించుకుంది. ఎండ వరండా దాటి అవతలికి పోయింది.

"నేను వచ్చేసరికి తలుపేసుకుని ఏం మాట్లాడుకుంటున్నారు మీరిద్దరూ?"

కాప్ ఫోన్‌లోకి చూసుకుంటున్నాడు. సియోనీ చెప్పింది. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసి చెప్పింది.

"ఊలింగ్‌ను గుట్టుగా విడిపిద్దామని. నా పేరు రాకుండా."

"అంటే కుక్కను నాకిచ్చేసి, గజ్జి కూడా నాకే వదిలేద్దామని." పసింగ్ గొంతు పెంచలేదు. "ఊరంతా నా కుక్క గజ్జికుక్కే అనుకుంటూ ఉంటుంది. నా బొగ్గులు ముట్టుకోవడానికి కూడా ఆలోచిస్తారు. మీ గచ్చు మాత్రం మెరుస్తుంది."

"పసింగ్, నన్ను..."

"ఇప్పుడొద్దు. క్షమించమని ఇప్పుడు అడగొద్దు మనాంగ్, నాకు తీరిక లేదు. నడవండి. ఇక్కడ చెప్పింది అక్కడ కూడా చెప్పాలి."

*

మోటారుసైకిలుకు తొట్టి కట్టిన ట్రైసికిల్‌లో ఇద్దరూ పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. ఒకరి మోకాలు ఒకరికి తగులుతుంటే సియోనీయే ఒదిగింది. ఎప్పుడూ ఒదగని మనిషి.

కుక్కల దొడ్డి పట్నం చివర, చెత్తకుప్పల అవతల ఉంది. కాపలా మనిషి బెబోత్, అందరూ మనోంగ్, అంటే అన్న, అని పిలిచే నడివయసువాడు, గేటు దగ్గర చేపల వలకు ముడులు వేసుకుంటున్నాడు. సియోనీ ముందుకెళ్లింది. ఎవరూ అడగకముందే చెప్పింది. ఫిర్యాదు తనదేనని, అది తప్పని, కుక్కకు ఏ రోగమూ లేదని. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే సుళువేమీ కాలేదు.

"నల్లదా, ముసలిదా?" అన్నాడు బెబోత్.

"అదే."

అతను వల పక్కన పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"వీధి పెద్ద గజ్జి అని చెప్పిందన్నారు కదా. గజ్జి గదిలో వేశాం."

అతను తీసుకెళ్లి చూపించిన వెనక గదికి చెక్క తలుపు లేదు, ఇనుపవల తలుపే, దానికో గొళ్లెం. లోపల ఏడెనిమిది కుక్కలు. వెంట్రుక అన్నది లేదు వాటికి. చర్మం మందంగా, బూడిదరంగులో పగిలి ఉంది. అన్నీ ఒకదానికొకటి ఆనుకుని గోక్కుంటూనే ఉన్నాయి. వాటి మధ్యలో, మూలకు, నల్లగా, ఒంటినిండా వెంట్రుకలతో ఊలింగ్ పడుకుని ఉంది.

"బయటికి తీయండి మనోంగ్" అంది సియోనీ. "చెబుతున్నాను కదా, దానికి లేదు."

"వచ్చిన రోజు లేదేమో అమ్మా. వీటితో ఇన్నాళ్లు పడుకున్నాక లేదని ఎవరు చెబుతారు? ఈ గదిలోకి పోయింది ఇంటికి పోదు. ఊరికి అంటుతుందని పై ఆఫీసు రూలు. సూది మనిషి బయల్దేరాడు కూడా."

"ఊలింగ్" అని పిలిచింది పసింగ్. వినపడదని తెలిసి కూడా పిలిచింది. కుక్క వినలేదు, వాసన పట్టింది. తోక ఒకసారి నేలకు కొట్టింది. లేవబోయి, మళ్లీ కూలబడి, వెనక కాలెత్తి చెవి గోక్కుంది.

ఏ కుక్కయినా గోక్కుంటుంది. ఆ మాట సియోనీ తనకు తాను చెప్పుకుంది. ఆ కాలు ఆగేదాకా చూస్తూ నిలబడింది. అది తొందరగా ఆగలేదు.

పసింగ్ గొళ్లెం తీసి లోపలికి వెళ్లింది. బెబోత్ కదిలేలోపే వల తలుపు లాగేసుకుంది. గజ్జికుక్కల మధ్య నేల మీద కూర్చుని, ఊలింగ్ తల తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏం పనమ్మా అది, నీకూ అంటుకుంటుంది" అన్నాడు బెబోత్.

"అంటుకోనీ. అప్పుడు నేనూ ఇంటికి పోను. మీ సూది మనిషిని రమ్మనండి, నన్ను లేపి వేస్తాడో, లేపకుండా వేస్తాడో చూస్తాను."

గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది. ఇంజను ఆగింది. ఎవరో తలుపు తీసి దిగారు.

సియోనీ ఇనుపవలకు ఇవతల నిలబడి ఉంది. బూడిదరంగు కుక్క ఒకటి పసింగ్ భుజానికి ఒళ్లు రుద్దుకుంటోంది. పసింగ్ దాన్ని తోసేయలేదు. తలెత్తి వలలోంచి సియోనీ వైపు చూసింది.

"మనాంగ్, మీరు లోపలికొస్తారా, అక్కడే ఉంటారా?"